హైదరాబాదా, బెంగళూరా? పాలమూరు, నల్గొండ నుంచి వెళ్లేవాళ్లు ఖర్చుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నల్గొండ, మిర్యాలగూడ వైపు నుంచి ఉద్యోగానికో పనికో బయలుదేరేవాళ్ల ముందు ఎక్కువగా రెండు దారులుంటాయి: హైదరాబాద్, బెంగళూరు. "ఎక్కడైతే నాలుగు పైసలు మిగులుతాయి?" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. రెండు చోట్లా కాపురం చేసిన అనుభవంతో ఆ జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. మన వైపు వాళ్లకు ఖర్చు నగరంలోనే ఆగదు. ఊరికి వచ్చిపోయే దారి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు, పిల్లల లోకల్ (స్థానికత) సర్టిఫికెట్, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ధరలు 2025 నాటివి. కిరాయిలు వీధి వీధికీ మారతాయి కాబట్టి వాటిని సుమారు లెక్కలుగానే తీసుకోండి.

## ఆఫర్ చేతికొచ్చాక

బెంగళూరు కంపెనీ నెలకు ఐదు వేలు ఎక్కువ ఇస్తానంటోంది. హైదరాబాద్ ఆఫర్ వదులుకోవచ్చా?

ఎంత జీతం మీద ఐదు వేలు అన్నది ముందు చూడండి. పాతిక వేల మీద ఐదు వేలంటే ఐదో వంతు. అరవై వేల మీద ఐదు వేలంటే కిరాయి తేడాకే సరిపోతుంది. పెళ్లికాకుండా, షేరింగ్‌లో ఉండేవాళ్లకు ఇరవై శాతం ఎక్కువ వస్తే వెళ్లొచ్చు, ఎంతో కొంత మిగులుతుంది. భార్యాపిల్లలతో వెళ్లేవాళ్లకు నా లెక్క వేరు: ముప్పై శాతానికి తగ్గితే హైదరాబాదే మేలు. బెంగళూరులో బియ్యం, పప్పు ఖరీదని అలా అనడం లేదు. ఇంటి అడ్వాన్స్ కింద ఇరుక్కుపోయే డబ్బు, ఊరికి రాకపోకలు, తెలంగాణలో ఉంటే అందే పథకాలు అందకపోవడం, ఈ మూడూ కలిసి ఆ ఎక్కువ జీతాన్ని తినేస్తాయి.

నేర్చుకునే పని బాగుంటే మాత్రం, కొత్తగా చదువు ముగించిన పిల్లలను మొదటి రెండేళ్లు మిగులు లేకపోయినా వెళ్లమనే చెబుతాను. ఆ వయసులో పని నేర్చుకోవడం ముఖ్యం.

చేతికొచ్చే జీతంలో రెండు రాష్ట్రాలకూ తేడా ఉంటుందా?

ఇన్‌కమ్ ట్యాక్స్, పీఎఫ్ రెండు చోట్లా ఒకటే. వృత్తి పన్నులోనే కాస్త తేడా. తెలంగాణలో నెల జీతం 15 వేలు దాటితే 150 రూపాయలు, 20 వేలు దాటితే 200 రూపాయలు కోస్తారు. కర్ణాటకలో 25 వేల లోపు జీతానికి ఏమీ కోయరు, ఆపైన నెలకు 200, ఫిబ్రవరి ఒక్క నెల 300. దీన్ని చూసి ఊరు మార్చుకోవాల్సిన పని లేదు.

"హైదరాబాద్ చవక" అని అందరూ అంటారు. నిజమేనా?

ఏ హైదరాబాద్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. వనస్థలిపురం, హయత్‌నగర్, ఎల్బీనగర్, అత్తాపూర్ వైపు రెండు బెడ్‌రూముల మామూలు ఇల్లు సుమారు 12 నుంచి 18 వేలకు దొరుకుతుంది. కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్ కావాలంటే 30 వేలు దాటుతుంది, అంటే బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లతో సమానమే. హైదరాబాద్‌లో మనకు కలిసొచ్చేది ఆఫీసుకు దూరంగా, చవకగా ఉండే పేటలు ఇంకా మిగిలి ఉండటం, అక్కడి నుంచి మెట్రో ఉండటం. ఎల్బీనగర్‌లో రైలెక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గంలో దిగొచ్చు. బెంగళూరులో అంత దూరంలో ఇల్లు తీసుకుంటే రోజూ ట్రాఫిక్‌లో పోయే గంటలను కూడా ఖర్చు కిందే రాసుకోవాలి.

మేం తాపీ పనికి, సెంట్రింగ్ పనికి పోతాం. మాకు ఏ ఊరు మేలు?

పాలమూరు కూలీలు కట్టని నగరం లేదు, కానీ ఈ లెక్క వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సైట్ దగ్గర షెడ్డులో ఉంటే రెండు చోట్లా కిరాయి ఉండదు. కాబట్టి చూడాల్సింది రోజు కూలీ ఎంత అని కాదు, నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది, మేస్త్రీ ముందు ఇచ్చిన అడ్వాన్స్‌ను ఎలా కోస్తాడు అన్నది. ఆ కోతను వారం వారం ఒక నోటు పుస్తకంలో రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

భవన నిర్మాణ కార్మికుల కార్డు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. దానికి ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ తిరిగేవాళ్లకు కార్డు చేయించుకోవడం, చేయించుకున్నాక ప్రయోజనం పొందడం రెండూ కష్టమవుతాయి. పిల్లలు బడికి వెళ్లే వయసు వాళ్లయితే నేను హైదరాబాద్ అనే చెబుతాను. అక్కడ సర్కారు బడిలో తెలుగు ఉంటుంది, మధ్యాహ్న భోజనం ఉంటుంది, ఏడాది మధ్యలో ఊరికి తిరిగొచ్చినా పుస్తకాలు అవే.

## ఇల్లు వెతికేటప్పుడు

బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ అడుగుతారట. నిజమా?

చాలాకాలం అదే పద్ధతి. ఇప్పుడు ఐదారు నెలలకు ఒప్పుకునే ఓనర్లు పెరిగారు, పది నెలలు అడిగేవాళ్లు కూడా ఉన్నారు. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలలు, ఒక్కోచోట మూడు.

"తిరిగి వచ్చేదే కదా" అని దీన్ని చాలామంది ఖర్చు కింద రాసుకోరు. మన ఇళ్లలో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. బంగారం కుదువ పెట్టో, ఊళ్లో మిత్తికి తెచ్చో కడతాం. కిరాయి 20 వేలు అనుకుందాం. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్స్ 40 వేలు. బెంగళూరులో ఆరు నెలలది 1 లక్ష 20 వేలు. తేడా 80 వేలు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 1,600. అదే పది నెలల అడ్వాన్స్ అయితే తేడా 1 లక్ష 60 వేలు, మిత్తి నెలకు 3,200. ఆ ఇంటి కిరాయి 20 వేలని చెప్పుకున్నా, మీకు పడేది 23,200.

ఇంకో సంగతి. బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల కిరాయి కోయడం మామూలు. మా ఓనర్ ఒకరు పదకొండు నెలలకే ఖాళీ చేసినా, గోడ మీద మేకు కూడా కొట్టకపోయినా, నెల కిరాయి మొత్తం పట్టుకున్నారు. అగ్రిమెంట్‌లో ఆ మాట రాసే ఉంది, కాబట్టి చేసేదేమీ లేదు. సంతకం పెట్టేముందే ఆ షరతు వెతికి, ఏడాది లోపు ఖాళీ చేస్తే సగమే కోయాలని రాయించుకోండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

"కిరాయి వద్దు, లీజుకు తీసుకోండి" అంటున్నారు. ఏమిటది?

బెంగళూరులో ఉన్న పద్ధతి. ఒకేసారి పెద్ద మొత్తం, అంటే ఎనిమిది, పది, పదిహేను లక్షలు ఓనర్‌కు ఇస్తే రెండు మూడేళ్లు కిరాయి లేకుండా ఉండొచ్చు. గడువు ముగిశాక మొత్తం తిరిగి ఇవ్వాలి. వినడానికి బాగుంటుంది. ఆ ఇంటి మీద బ్యాంకు లోన్ ఉండి ఓనర్ కట్టకపోతే బ్యాంకు వచ్చి తాళం వేస్తుంది, మీ డబ్బు కోసం మీరు కోర్టుకు తిరగాలి. మధ్యవర్తి కంపెనీలకు డబ్బు కట్టి, ఓనర్‌కు అది చేరక, రోడ్డున పడ్డ కుటుంబాలున్నాయి. పొలం అమ్మిన డబ్బును దయచేసి ఇందులో పెట్టకండి.

ఒక్కడినే వెళ్తున్నా. హాస్టల్, పీజీ ఎంత పడుతుంది?

హైదరాబాద్‌లో హాస్టల్ అంటారు, బెంగళూరులో పీజీ అంటారు. రెండూ ఒకటే. అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లో ముగ్గురు నలుగురు షేరింగ్‌కు ఆరేడు వేలలో భోజనంతో సహా దొరుకుతుంది. మాదాపూర్ వైపు, బెంగళూరులో బీటీఎం లేఅవుట్, మారతహళ్లి వైపు ఎనిమిది వేల నుంచి మొదలవుతుంది. బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్లు నడిపే పీజీలు ఎన్నో ఉన్నాయి. పప్పు, పచ్చడి, ఆదివారం కోడికూర దొరుకుతాయి. అడ్వాన్స్‌లో ఎంత తిరిగి ఇస్తారో చేరేముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

నీళ్ల బాధ ఎక్కడ ఎక్కువ?

బెంగళూరులో. అక్కడికి కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల నుంచి ఎత్తిపోయాలి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలయ్యాక శివారు గ్రామాలకు కూడా పైపులు వస్తున్నాయి. అయినా చాలా అపార్ట్‌మెంట్లు ఇంకా బోరు, ట్యాంకర్ మీదే నడుస్తున్నాయి.

హైదరాబాద్‌లో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా మంచినీళ్లు ఉచితం, మీటరు ఉండి ఆధార్ లింక్ చేసి ఉంటే. ఆ నీళ్లలో పెద్ద వాటా నల్గొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి అయి వచ్చే కృష్ణా జలాలే. అలాగని నిశ్చింత లేదు. కొండాపూర్, మణికొండ వైపు ఎండాకాలం ట్యాంకర్ తప్పదు. ఏ ఊళ్లోనైనా ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ను కాకుండా వాచ్‌మన్‌ను అడగండి: "ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి?" ఆ ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది.

## కాపురం మొదలయ్యాక

సరుకులు, పాలు, కూరగాయలు ఎక్కడ చవక?

పెద్ద తేడా లేదు. పాలు బెంగళూరులో చవక. నందిని పాలు 2025 ఏప్రిల్‌లో లీటరుకు 4 రూపాయలు పెంచాక కూడా మన దగ్గర ప్యాకెట్ పాలకంటే తక్కువే. బయట టిఫిన్ కూడా అక్కడ చవక. నిలబడి తినే దర్శిని హోటళ్లలో ఇడ్లీ, వడ, కాఫీ తక్కువలో అయిపోతాయి.

అసలు తేడా ఊరి నుంచి వచ్చే బియ్యంలో ఉంది. హైదరాబాద్‌లో ఉంటే పండిన సన్నవడ్లు మర ఆడించి, బస్తా కట్టి, ఊరి బస్సు వెనక సీటు కింద వేస్తే ఆరాంఘర్‌లోనో ఎల్బీనగర్‌లోనో దించుకోవచ్చు. దాంతోపాటే కందిపప్పు, చింతపండు, జొన్నపిండి, కారం. నలుగురున్న ఇంట్లో ఆ బస్తా నెలకు రెండు వేలకు పైనే మిగులుస్తుంది. బెంగళూరుకు కూడా పంపేవాళ్లున్నారు కానీ, పార్శిల్ ఖర్చు, అక్కడ దిగాక ఆటో ఖర్చు కలిపితే కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది.

కరెంటు బిల్లు ఎలా ఉంటుంది?

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. కూలర్, ఏసీ లేకుండా చాలా ఇళ్లు గడిపేస్తాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో అది కుదరదు. తెలంగాణలో స్లాబుల పద్ధతి కాబట్టి ఏసీ తిరిగిన నెలలో యూనిట్ రేటు కూడా పైకి వెళ్తుంది. కర్ణాటకలో ఇళ్లకు ఒకే రేటు, పైన కిలోవాట్ లెక్కన ఫిక్స్‌డ్ ఛార్జి.

రెండు రాష్ట్రాల్లోనూ గృహజ్యోతి పేరుతో 200 యూనిట్ల దాకా ఉచిత పథకం ఉంది. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్నవాళ్లకు ఇస్తారు, కిరాయి ఇంట్లో ఉన్నా వర్తిస్తుంది. కర్ణాటకలో ఆ ఇంటి పాత వాడకం సగటును బట్టి పరిమితి పెడతారు. కాబట్టి అక్కడ ఇల్లు మాట్లాడేటప్పుడే "మీటరు మీద గృహజ్యోతి ఎవరి పేరున ఉంది?" అని అడగాలి.

ఆడవాళ్లకు ఫ్రీ బస్సు బెంగళూరులో కూడా ఉంది కదా?

ఉంది, కానీ మనకు కాదు. కర్ణాటక శక్తి పథకం 2023 జూన్‌లో మొదలైంది, కర్ణాటక వాసులకే. తెలంగాణ మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది, తెలంగాణ చిరునామా ఉన్న ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. దీని విలువ ఇంట్లో ఉద్యోగం చేసే ఆడవాళ్లకే తెలుస్తుంది. రోజూ ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లొచ్చే అమ్మాయికి ప్రయాణ ఖర్చు సున్నా. నెలకోసారి నల్గొండో మహబూబ్‌నగరో వచ్చిపోయినా సున్నా. బెంగళూరులో అదే అమ్మాయి పాస్‌కు పైసలు పెట్టాలి. ఆడపిల్ల జీతం 20, 22 వేలైతే నేను ఈ ఒక్కదాన్ని చూసే హైదరాబాద్ అంటాను.

మెట్రో టికెట్ ఎక్కడ తక్కువ?

2025లో రెండు చోట్లా పెంచారు. బెంగళూరులో ఫిబ్రవరి నుంచి కనీసం 10, గరిష్ఠం 90 రూపాయలు. హైదరాబాద్‌లో మేలో పెంచి, తర్వాత పది శాతం తగ్గించాక కనీసం 11, గరిష్ఠం 69. ఎలక్ట్రానిక్ సిటీలో పని చేసేవాళ్లకు మాత్రం 2025 ఆగస్టులో వచ్చిన ఎల్లో లైన్ పెద్ద ఊరట, సిల్క్ బోర్డు ట్రాఫిక్ తప్పింది.

నా బండి మహబూబ్‌నగర్ రిజిస్ట్రేషన్. బెంగళూరుకు తీసుకెళ్తే ఏమవుతుంది?

పన్నెండు నెలలు దాటి అక్కడే ఉంచితే మన ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని, అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకుని, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కారుకు ఆ ట్యాక్స్ బాగా ఎక్కువ. ఇక్కడ కట్టినదాన్ని వాపసు తెచ్చుకోవడం కాగితం మీద సులభం, నిజంలో నెలల పని. పెట్రోల్ అక్కడ లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువే అయినా ఈ ట్యాక్స్ ముందు అది లెక్కలోకి రాదు. ఏడాదికి మించి ఉంటామో లేదో తెలియనివాళ్లు కారు ఊళ్లోనే ఉంచి వెళ్లడం మంచిది.

రేషన్, గ్యాస్ సబ్సిడీ, ఆరోగ్యశ్రీ పోతాయా?

రేషన్ పూర్తిగా పోదు. కేంద్ర ఆహార భద్రత కార్డు అయితే వేలిముద్ర వేసి బెంగళూరులో కూడా తీసుకోవచ్చు, మనిషికి 5 కిలోలు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి ఇస్తున్న 6 కిలోల సన్నబియ్యం మాత్రం ఇక్కడే. రూ. 500 గ్యాస్ సిలిండర్ తెలంగాణ పథకం, కనెక్షన్ బెంగళూరుకు మార్చుకుంటే వర్తించదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. దాని ఆసుపత్రులు ప్రధానంగా తెలంగాణలోనే ఉన్నాయి. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్న పెద్దవాళ్లు మీతో ఉంటే, బెంగళూరు వెళ్లేముందు వాళ్లను కూడా కలిపి ఆరోగ్య బీమా తీసుకోండి, ఆ ప్రీమియంను నెలలకు పంచి ఇంటి ఖర్చులో రాయండి.

## పిల్లల చదువు

పిల్లలను బెంగళూరులో చదివిస్తే తెలంగాణలో లోకల్ పోతుందా?

పోయే అవకాశం ఎక్కువ. పిల్లలున్నవాళ్లు కిరాయి కంటే ముందు చూడాల్సింది ఇదే, అయినా చాలామందికి ఇంటర్‌కు వచ్చేదాకా గుర్తుకు రాదు.

రెండు వేర్వేరు లెక్కలున్నాయి. సర్కారు ఉద్యోగాలకు 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్, 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే. ఇంజనీరింగ్, మెడికల్ సీట్లకు ప్రధానంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు, తెలంగాణలో చదివి ఉండాలి. లోకల్ కోటా 85 శాతం. మెడికల్ సీట్ల విషయంలో ఈ నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2025 సెప్టెంబరులో కోర్టు రాష్ట్రం వైపే చెప్పింది.

అంటే బిడ్డ మూడో తరగతిలో బెంగళూరు వెళ్లి ఎనిమిదికి తిరిగొస్తే కాలేజీ సీటుకు లోకలే కానీ, ఉద్యోగానికి లోకల్ కాకపోవచ్చు. తొమ్మిదిలో వెళ్తే తారుమారు. బిడ్డ తరగతిని బట్టి ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. హైదరాబాద్‌కు వెళ్లినా ఒక మార్పు ఉంది: ఒకటి నుంచి ఏడు వరకు అక్కడే చదివితే జిల్లా పోస్టులకు బిడ్డ హైదరాబాద్ లోకల్ అవుతుంది, మహబూబ్‌నగర్ కాదు. బోనఫైడ్ సర్టిఫికెట్లు ఏ ఏటికి ఆ ఏడు తీసి ఫైల్‌లో పెట్టుకోండి.

బెంగళూరు బడిలో తెలుగు ఉంటుందా?

కొన్నిచోట్ల మూడో భాషగా ఉంటుంది. కర్ణాటకలో అన్ని బడుల్లోనూ కన్నడ చదవాలి. చిన్న పిల్లలు ఆర్నెల్లలో పట్టేస్తారు, ఆరేడు తరగతుల పిల్లలకు ట్యూషన్ పెట్టాల్సి వస్తుంది.

## ఊరికి రాకపోకలు

నెలకోసారి ఇంటికి రావాలంటే ఎంతవుతుంది?

హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ అయినా నల్గొండ అయినా సుమారు వంద కిలోమీటర్లు. శనివారం సాయంత్రం బయలుదేరి సోమవారం పొద్దున ఆఫీసులో ఉండొచ్చు.

బెంగళూరు నుంచి పాలమూరు వాళ్లకు రైలే దిక్కు. కాచిగూడ–మైసూరు ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి, మహబూబ్‌నగర్, గద్వాల రెండింటిలో ఆగుతుంది. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబరు నుంచి నడుస్తోంది, మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది కానీ పగటి బండి కాబట్టి ఒక రోజు పోతుంది. స్లీపర్ దొరికితే ఖర్చు తక్కువే. దొరక్కపోతే 44వ నంబరు హైవే మీద ప్రైవేటు బస్సు, జడ్చర్ల దగ్గరో కొత్తకోట దగ్గరో తెల్లవారుజామున దించుతుంది. దసరా, సంక్రాంతికి ఆ టికెట్ రెండు మూడింతలవుతుంది. నల్గొండ వాళ్లకు నేరుగా రైలు లేదు, హైదరాబాద్‌కో, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకో చేరి ఎక్కాల్సిందే. అందుకే బెంగళూరులో ఉన్నవాళ్లు పండగ టికెట్లను రైల్వే బుకింగ్ తెరిచిన రోజే తీసుకోవాలి.

హైదరాబాద్‌లో ఉంటే చుట్టాల ఖర్చు ఎక్కువ అంటారు. అదీ లెక్కేనా?

లెక్కే. నిమ్స్‌కో ఉస్మానియాకో పేషెంట్‌ను తీసుకొచ్చిన వాళ్లు మీ ఇంట్లోనే దిగుతారు. వాళ్లకు అన్నం, ఆటో, ఒక్కోసారి మందులు కూడా మీవే. ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి దావత్‌కూ రావాల్సిందే, చేతిలో కట్నం కవరుతో. బెంగళూరులో ఉంటే దూరమని ఎవరూ తప్పు పట్టరు. నెలకు రెండు మూడు వేలు దీనికి పక్కన పెట్టుకోవాలి. నేను మాత్రం దీన్ని భారం అనను. రేపు మనింట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే రాత్రి పక్కన కూర్చునేది కూడా వాళ్లే.

మహబూబ్‌నగర్ నుంచే రోజూ హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేస్తే?

కాచిగూడ, శంషాబాద్ వైపు పని అయితే రైల్వే సీజన్ పాస్‌తో చేసేవాళ్లున్నారు, చాలా చవక. హైటెక్ సిటీ అయితే వద్దు. రోజుకు ఐదారు గంటలు ప్రయాణంలోనే పోతాయి, ఆరోగ్యం దెబ్బతింటుంది. మధ్యేమార్గం షాద్‌నగర్‌లో ఇల్లు తీసుకోవడం.

బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

నోటీసు అగ్రిమెంట్‌లో ఉన్నన్ని రోజుల ముందే, మెసేజ్ రూపంలో ఇవ్వండి. చివరి నెలల కిరాయిని అడ్వాన్స్‌లో కోసుకోమని అడిగి చూడండి, అలా అయితే తిరిగి రావాల్సిన మొత్తం తగ్గుతుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. సామాను ఎక్కించేముందు ప్రతి గది వీడియో తీయండి, కరెంటు, నీళ్ల చివరి బిల్లుల రసీదులు ఉంచుకోండి. గ్యాస్ కనెక్షన్ ట్రాన్స్‌ఫర్ కాగితం, పిల్లల టీసీ, బోనఫైడ్ అక్కడ ఉండగానే తీసుకోవాలి. తర్వాత వాటి కోసం మళ్లీ వెళ్లాలంటే ఒక పూట సెలవు, రెండు రాత్రుల ప్రయాణం. తాళాలు మాత్రం అడ్వాన్స్ మీ ఖాతాలో పడ్డాకే ఇవ్వండి.